మీరు అడిగారు: నర్సులకు బర్నౌట్ ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఆస్పత్రి ఉద్యోగాల గురించి ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగితే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నర్సులవే. వాళ్ల ఇంట్లోవాళ్లు, వైద్యం చేయించుకున్నవాళ్లు, నర్సింగ్ చదువుతున్న పిల్లలు కూడా రాశారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ఉత్తరాలు కొన్ని తీసుకుని ఇక్కడ జవాబులిస్తున్నాను. రాసినవాళ్లకు ఉద్యోగంలో ఇబ్బంది రాకుండా పేర్లు, ఊళ్లు, ఆనవాలు పట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను జనరల్ మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఈ పని ఇష్టపడే వచ్చాను. ఇప్పుడు మాత్రం డ్యూటీకి బయల్దేరే ముందే గుండె దడదడలాడుతోంది. పేషెంటు బెల్లు కొడితే ముందు కోపం వస్తోంది, వెంటనే ఆ కోపం వచ్చినందుకు సిగ్గేస్తోంది. ఒత్తిడి తగ్గించుకోవడం మీద మా ఆస్పత్రిలో ఒక క్లాసు పెట్టారు. ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పారు, మనసు గట్టి చేసుకోమన్నారు. క్లాసు అయ్యాక మళ్లీ అదే వార్డు, అంతమందే పేషెంట్లు. నేను ఈ ఉద్యోగానికి సరిపోనా?

జవాబు: సరిపోతారమ్మా. సరిపోని మనిషికి బెల్లు విని కోపం వచ్చినందుకు సిగ్గేయదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల అంతర్జాతీయ జాబితా పదకొండో కూర్పును ఆమోదించినప్పుడు బర్నౌట్‌ని అందులో చేర్చింది. అయితే దాన్ని జబ్బుగా లెక్కేయలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అంది. పనిచేసే చోట చాలాకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే వచ్చేది అని రాసి, మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో మనసులో శక్తి అయిపోవడం, పని మీద విముఖత పెరిగి దానికి మనసులో దూరం జరగడం, ఎంత చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం. మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి, ఈ మూడింటి జాడా అందులో ఉంది. కారణం ఎక్కడ వెతకాలో కూడా ఆ నిర్వచనమే చెప్తోంది: పనిచేసే చోట.

అక్కడ వెతికినవాళ్లున్నారు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల్ని పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ ఆ నర్సుకి బర్నౌట్ వచ్చే అవకాశం 23 శాతం చొప్పున, ఉద్యోగం మీద అసంతృప్తి కలిగే అవకాశం 15 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. సర్జరీ అయిన పేషెంటు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం కూడా 7 శాతం చొప్పున ఎక్కువగా ఉంది. ఆ చివరి అంకె దగ్గర కాస్త ఆగండి. మిమ్మల్ని అలసగొట్టేదీ, పేషెంటుకి ముప్పు తెచ్చేదీ ఒకటే. అందుకే నర్సులు తమ సుఖం కోసం మనుషుల్ని పెంచమంటున్నారు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

సంఖ్య ఒక్కటే చూసినా మోసపోతాం. పది మంది పేషెంట్లు అని కాగితం మీద ఉంటుంది, అందులో ఇద్దరికి ఆక్సిజన్ నడుస్తుంటుంది, ఒకరు మగతలో లేచి పైపులు పీకేస్తుంటారు, నలుగురు డిశ్చార్జ్ అయిపోయి ఆ నాలుగు మంచాల్లోకి కొత్తవాళ్లు వస్తారు. కొత్త అడ్మిషన్ అంటే ఎంత పనో మీకు చెప్పక్కర్లేదు కానీ రోస్టర్ (ఎవరికి ఏ డ్యూటీ అన్న పట్టిక) వేసేవాళ్ల లెక్కలో మాత్రం పొద్దున పదిమందే, సాయంత్రం పదిమందే. మధ్యలో పద్నాలుగు మందిని చూశారన్నది ఎక్కడా నమోదు కాదు. దీనికి తోడు స్టోర్ నుంచి రాని సామాను కోసం ఫోన్లు, పనిచేయని బీపీ మిషన్, ల్యాబ్‌కి శాంపిల్ పట్టుకెళ్లే మనిషి లేక మీరే పరిగెత్తడం. ఇవేవీ నర్సింగ్ పని కావు, అయినా చేసేది నర్సే.

ఇంత చెప్పాక అసలు సంగతికి వస్తాను. మనిషిని లోపల్నుంచి తినేసేది చేసిన పని కంటే చేయలేకపోయిన పని అని నా నమ్మకం. ఇంజెక్షన్లు, సెలైన్లు, చార్టులు ఎలాగో అయిపోతాయి, వాటికి లెక్క అడుగుతారు కాబట్టి. వాయిదా పడేవి వేరే ఉంటాయి. మంచాన పడ్డ మనిషిని టైముకి పక్కకి తిప్పడం, నోరు శుభ్రం చేయడం, నెమ్మదిగా నాలుగు అడుగులు నడిపించడం, ఇంటికెళ్లాక మందులు ఎలా వేసుకోవాలో విడమరిచి చెప్పడం, భయపడుతున్న మనిషి పక్కన ఒక్క నిమిషం కూర్చోవడం. బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 2006లో ఈ మిగిలిపోయిన సేవల మీద రాసినప్పుడు ఇంచుమించు ఇవే బయటపడ్డాయి. చదువుకున్నది ఇవన్నీ చేయాలని, రోజూ జరిగేది వీటిని వదిలేసి ఇంటికి రావడం. అలా నెలలు గడిస్తే పని మీద మనసు విరగకుండా ఎలా ఉంటుంది?

ఊపిరి క్లాసు చెడ్డదని అనను. నిద్ర పట్టడానికి, దడ తగ్గడానికి పనికొస్తుంది, వాడుకోండి. కానీ దానివల్ల వార్డులో ఒక్క పేషెంటు కూడా తగ్గడు. మనుషుల్ని వేయకుండా క్లాసు మాత్రమే పెడితే తప్పు నీదే, నువ్వే బాగుపడు అని నర్సుకి చెప్పినట్టవుతుంది.

మీరు చేయగలిగింది ఒకటి చెప్తాను. రెండు వారాల పాటు ప్రతి డ్యూటీ చివర ఎంతమందిని చూశారో, ఎంతమంది వచ్చారో వెళ్లారో, ఏ పని మిగిలిపోయిందో ఒక్క వాక్యంలో రాసుకోండి. పేషెంట్ల పేర్లు వద్దు. ఇంకో ఇద్దరు ముగ్గురు సిస్టర్లు కూడా రాస్తే ఇంకా మంచిది. 'చాలా కష్టంగా ఉంది మేడమ్' అంటే అందరికీ అంతే కదా అంటారు. 'ఈ పదిహేను రోజుల్లో ఇన్ని డ్యూటీల్లో పేషెంట్లని టైముకి తిప్పలేకపోయాం' అని కాగితం ముందు పెడితే అంత తేలిగ్గా కొట్టేయలేరు. ఇక ఆ దడ నిద్రని, తిండిని పాడుచేస్తుంటే, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోతుంటే, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుని కలవండి. బర్నౌట్, డిప్రెషన్ రెండూ ఒకటి కాదు కానీ ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చినప్పుడు నర్సులు చాలా కసురుకున్నారు. ఏది అడిగినా 'వస్తాం, కూర్చోండి' అనేవాళ్లు. మూడో నంబరు మంచం అంటారు తప్ప మనిషి పేరే పలకరు. పని ఒత్తిడి అనేది దీనికి సాకు కాదా అండీ?

జవాబు: మీ నాన్నగారికి మర్యాద దక్కాల్సింది, దక్కలేదు. అందులో రెండో మాట లేదు. కసురుకున్న మాట పేషెంటు చాలాకాలం గుర్తుంచుకుంటాడు, అది న్యాయమే.

కానీ ఒత్తిడి సాకేనా అని మీరు అడిగారు కాబట్టి ఆ కసురు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తున్నాను. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే మనస్తత్వవేత్తలు 1981లో బర్నౌట్‌ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసినప్పుడు అలసటతో పాటు ఇంకో లక్షణాన్ని కూడా కొలిచారు. ఎదుటి మనిషిని మనిషిగా కాకుండా ఒక పనిగా, ఒక నంబరుగా చూడటం. నోరు జారే ప్రతి నర్సూ స్వభావంతోనే అలా ఉందనుకోకండి. ఒక్కో బాధని పూర్తిగా మనసుకి ఎక్కించుకునే తీరిక లేని చోట మనసు తలుపు వేసుకుంటుంది. ఇసబెల్ మెంజీస్ అనే మనస్తత్వవేత్త 1960 ప్రాంతంలో లండన్‌లోని ఒక బోధనాసుపత్రిని పరిశీలించి, ఇది ఒక్కో నర్సులో విడిగా పుట్టేది కాదని, పని పంచే పద్ధతే అలా తయారుచేస్తోందని చెప్పింది. ఒకరు అందరికీ బీపీ చూడటం, ఇంకొకరు అందరికీ మందులివ్వడం, ఒక పేషెంటుతో మొదట్నుంచి చివరిదాకా ఎవరికీ సంబంధం లేకపోవడం. అక్కడ పేరు బదులు మంచం నంబరే మిగులుతుంది.

ఇంకో సంగతి. లోపల ఎలా ఉన్నా మొహం మీద ఓపిక నిలబెట్టుకోవడం కూడా పనే. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బందిని చూసి దీని గురించి రాసింది, నర్సులకు అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పక్క మంచంలో ప్రాణం పోయిన పది నిమిషాలకే మీ మంచం దగ్గరికి నవ్వుతూ రావాలి. పైగా తిట్లు, బెదిరింపులు, ఒక్కోసారి చెయ్యి చేసుకోవడం కూడా ముందు నర్సు మీదే పడతాయి, ఎందుకంటే చేతికి అందేది ఆమే.

మీకు ఫిర్యాదు చేసే హక్కుంది, చేయండి. ఫలానా సిస్టర్ కసురుకుంది అన్నదానితో పాటు 'రాత్రి ఆ వార్డు మొత్తానికి ఎంతమంది నర్సులున్నారు?' అన్న ప్రశ్న కూడా రాయండి. పేషెంటు తరఫువాళ్లు ఆ మాట అడిగితే యాజమాన్యం చెవిన బాగా పడుతుంది.

ప్రశ్న: నా భార్య నర్సు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఒక్కోసారి సాయంత్రం డ్యూటీ ముగించుకుని అర్ధరాత్రి ఇంటికొచ్చి మళ్లీ తెల్లవారకముందే వెళ్తుంది. ఇంట్లో మాట్లాడదు, చిన్నదానికే చిరాకు. ఉద్యోగం మానేయమంటే ఏడుస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, బాబూ, మానేయమనడం ఆపండి. మీరు ప్రేమతోనే అంటున్నారు, ఆవిడకి మాత్రం 'నువ్వు ఓడిపోయావు' అన్నట్టు వినిపిస్తుంది.

మీరు రాసిన ఆ సాయంత్రం డ్యూటీ తర్వాత పొద్దున డ్యూటీ చాలా చెడ్డ పద్ధతి. మధ్యలో కాగితం మీద కొన్ని గంటలు విశ్రాంతి కనిపిస్తుంది. హ్యాండోవర్ (తర్వాతి నర్సుకి పేషెంట్లని అప్పగించడం) ఆలస్యం, ప్రయాణం, స్నానం, తిండి తీసేస్తే నిద్రకు మిగిలేది చాలా తక్కువ, ఆ కాస్త కూడా అలారం మోగుతుందేమోనన్న భయంతో పడుకునే నిద్ర. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సింగ్ సిబ్బంది కోసమే ప్రత్యేకంగా ఒక ఒప్పందం, దానితో పాటు ఒక సిఫార్సు తెచ్చింది. రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలని, ఓవర్‌టైమ్ కలుపుకున్నా రోజుకి 12 గంటలు దాటకూడదని ఆ సిఫార్సులో ఉంది. సిఫార్సు కాబట్టి ఎవర్నీ కట్టిపడేయదు, కానీ అడగడానికి ఒక ఆధారం.

పన్నెండు గంటల డ్యూటీల సంగతి కాస్త చిక్కైనది. చాలామంది నర్సులు వాటినే కోరుకుంటారు, వారంలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండొచ్చు కదా అని. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనభై శాతానికి పైగా నర్సులు తమ డ్యూటీ వేళల పట్ల సంతృప్తిగానే ఉన్నామన్నారు. అదే అధ్యయనంలో పది గంటలు, అంతకంటే ఎక్కువ డ్యూటీ చేసేవాళ్లకి బర్నౌట్ వచ్చే అవకాశం, తక్కువ గంటలవాళ్లతో పోలిస్తే రెండున్నర రెట్ల వరకూ ఉందని తేలింది. అంటే ఆవిడ 'నాకు ఇదే నయం' అన్నా ఒంటి లెక్క వేరుగా ఉండొచ్చు. రాత్రి డ్యూటీల మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నైట్ షిఫ్ట్ పనిని క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అదే మాట మీద నిలబడింది. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆవిడ పగలు పడుకున్నప్పుడు ఆ నిద్రకి మీ ఇంట్లో ఎంత విలువివ్వాలో చెప్తున్నాను.

గది చీకటి చేయండి. కాలింగ్ బెల్, ఫోన్, చుట్టాలు, పిల్లల హోంవర్కు, ఆ కొన్ని గంటలు అన్నీ మీ బాధ్యతే. నైట్ నుంచి రాగానే 'ఎలా జరిగింది' అని అడగొద్దు, నిద్ర లేచాక అడగండి, అప్పుడు కూడా చెప్పకపోతే వదిలేయండి. నైట్ అయ్యాక ఆవిణ్ణి బండి నడపనివ్వకండి, మీకు కుదిరితే వెళ్లి తీసుకురండి. నిద్రలేమితో బండి నడపడం నిజంగా ప్రమాదం. సాయంత్రం తర్వాత పొద్దున వేయొద్దని ఇన్‌ఛార్జిని రాతపూర్వకంగా అడగమని చెప్పండి. చాలాచోట్ల ఎవరూ అడగక అలా సాగుతూ ఉంటుంది.

ప్రశ్న: ఐసీయూలో పనిచేస్తున్నాను. ఇక బతకరని అందరికీ తెలిసిన పేషెంటుకి మళ్లీ గుచ్చుతాం, మళ్లీ పైపులు వేస్తాం. ఆయన కళ్లతో వద్దంటున్నట్టే ఉంటుంది. నిర్ణయం నాది కాదు, చేతులు మాత్రం నావి. ఇంటికెళ్లాక ఆ మొహమే గుర్తొస్తోంది. దీన్ని కూడా బర్నౌట్ అనే అంటారా?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివాక చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. 'నిర్ణయం నాది కాదు, చేతులు మాత్రం నావి' అన్నావు. ఈ బాధని ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

దీన్ని నైతిక వేదన అంటారు. ఆండ్రూ జేమ్టన్ అనే తత్వవేత్త 1984లో నర్సుల నైతిక సమస్యల గురించి రాస్తూ దీన్ని విడిగా గుర్తించాడు. ఏది సరైనదో తెలుసు, సంస్థలో ఉన్న అడ్డంకుల వల్ల అది చేయడం దాదాపు అసాధ్యం, ఆ స్థితిలో కలిగే బాధ ఇది. మామూలు అలసటకి నిద్ర మందు. దీనికి నిద్ర సరిపోదు, సెలవు కూడా సరిపోదు. సెలవు నుంచి తిరిగొచ్చిన మొదటి రోజే అదే మంచం దగ్గర నిలబడితే మళ్లీ మొదలవుతుంది. ఇది పోగుపడుతూ పోతే అవును, బర్నౌట్‌లోకి దారితీస్తుంది. పేషెంటు మొహం చూడకుండా మానిటర్ చూసి పనిచేసుకోవడం అలవాటవుతుంది. నువ్వింకా ఆ కళ్లలోకి చూస్తున్నావు, అందుకే నీకు నొప్పిగా ఉంది.

ఇక్కడ డాక్టర్లని విలన్లు చేయను. వాళ్లూ ఇంట్లోవాళ్ల ఒత్తిడికి, కేసులవుతాయన్న భయానికి, ఆ కష్టమైన మాట చెప్పలేని తనానికి చిక్కుకుని ఉంటారు. తప్పు ఎక్కడుందంటే, పేషెంటు దగ్గర అందరికంటే ఎక్కువ గంటలు ఉండే మనిషిని నిర్ణయం జరిగే గదిలోకి పిలవకపోవడంలో ఉంది. నొప్పికి ఎలా ముడుచుకుంటున్నాడో, రాత్రి ఏమన్నాడో, కొడుకు ముందు ఒకలా కూతురు ముందు ఒకలా ఎలా మాట్లాడుతున్నాడో నర్సుకి తెలుసు. ఇంట్లోవాళ్లతో మాట్లాడే సమావేశంలో నర్సు లేకపోతే ఇదంతా ఎవరికీ తెలియకుండా పోతుంది.

కాబట్టి నువ్వు అడగాల్సినవి ఇవి. రౌండ్స్‌లో 'ఈ పేషెంటుకి మనం ఎక్కడిదాకా వెళ్దామనుకుంటున్నాం సార్?' అని అందరి ముందు అడుగు. ఇది ఎదిరించడం కాదు, చికిత్స లక్ష్యం తెలుసుకోవడం నీ పనిలో భాగం. జవాబు కేస్ షీట్‌లో రాయమను. పాలియేటివ్ కేర్ బృందం, అంటే నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించేవాళ్లు ఉంటే పిలవమని అడుగు, ఎందుకంటే చాలాచోట్ల వాళ్లని ఆఖరి రోజున పిలుస్తారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. వైద్యంలో ఏది న్యాయమో చూసే ఎథిక్స్ కమిటీ ఉంటే దాని దగ్గరికి నర్సు కూడా నేరుగా వెళ్లొచ్చా అని కనుక్కో. ఈలోగా నీ చేతుల్లో ఉన్నది చేయి. నొప్పి మందు టైముకి అందేలా చూడు, నోరు తడుపు, చేసే ప్రతి పనీ ముందు ఆయనకి చెప్పి చేయి. ఆయన వినట్లేదని అనుకోవద్దు.

ఒక మరణం తర్వాత ఆ డ్యూటీలో ఉన్నవాళ్లంతా ఒక పది నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే అలవాటు ఉన్న ఐసీయూలున్నాయి. మీ దగ్గర లేకపోతే మీ ఇన్‌ఛార్జిని అడిగి మొదలుపెట్టండి. మంచం తుడిచి కొత్త పేషెంటుని ఎక్కించడానికి ఇచ్చేంత టైమైనా ఆ మంచం పక్కన నిలబడ్డ మనిషికి ఇవ్వాలి కదా.

ప్రశ్న: సగం డ్యూటీ కంప్యూటర్ దగ్గరే గడిచిపోతోంది. రాసిందే మళ్లీ రిజిస్టర్లో రాయాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

జవాబు: మాట్లాడాలి. ఒకే బీపీని చార్టులో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి, హ్యాండోవర్ పుస్తకంలో ఒకసారి రాయిస్తే మూడింట రెండు వంతుల రాత వృథా. ఒక్కో ఫారం ఏదో ఒక పొరపాటు జరిగిన తర్వాత పుడుతుంది, తర్వాత దాన్ని తీసేసేవాళ్లుండరు. మీ వార్డులో వాడే ఫారాలన్నీ ఒక బల్ల మీద పరిచి, ప్రతి దాని గురించీ 'దీన్ని చివరిసారి ఎవరు చదివారు?' అని అడగమని మీ సూపరింటెండెంట్‌ని కోరండి. ఎవరూ చదవని ఫారం ఆపేయడానికి డబ్బు ఖర్చు కాదు. మానిటర్ల అలారాల సంగతీ అంతే. అవసరం లేనివి రోజంతా మోగుతుంటే అవసరమైనది మోగినప్పుడు చెవి పట్టించుకోదు. ఆ పేషెంటుకి తగ్గట్టు అలారం హద్దులు మార్చే అనుమతి నర్సుకి ఉండాలి.

ప్రశ్న: అందరూ ఇన్‌ఛార్జి సిస్టర్లనే తిడతారు. నేను ఒక వార్డు ఇన్‌ఛార్జిని. పైనుంచి మనుషుల్ని ఇవ్వరు, కిందివాళ్లు సెలవు అడుగుతారు, ఎవరో ఒకరికి డబుల్ డ్యూటీ వేయక తప్పదు. ఈ ఏడాది మంచి పిల్లలు వరసగా రాజీనామా చేశారు. నా చేతిలో ఏముందని చేయను?

జవాబు: మీ బాధ నిజం. కొరత మీరు పుట్టించింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు, ఇంకో 58 లక్షల మంది తక్కువ పడ్డారు. అయితే మనుషులు చాలడం లేదన్న మాట వెనక దాక్కునే యాజమాన్యాలు కూడా ఉన్నాయి. ఉన్న నర్సులు వెళ్లిపోయేలా పని నడిపి, మళ్లీ నర్సులు దొరకట్లేదంటారు. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ బావిలో నీళ్లు లేవన్నట్టు.

బర్నౌట్‌ని కొలిచే ప్రశ్నావళి చేసిన ఆ మాస్లాక్, మైకేల్ లీటర్ అనే ఇంకో పరిశోధకుడు కలిసి ఉద్యోగంలో మనిషికీ పనికీ పొత్తు చెడే చోట్లు ఆరు అని చెప్పారు: పనిభారం, తన పని మీద తనకున్న అదుపు, ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. ఇందులో పనిభారం చాలావరకు మీ చేతిలో లేదు, జీతం అసలే లేదు. అదుపు, న్యాయం, తోటివాళ్ల సంబంధం మాత్రం రోస్టర్ కాగితం మీద మీ పెన్నుతోనే నడుస్తాయి.

రోస్టర్ కనీసం నెల ముందు పెట్టండి. ముందురోజు రాత్రి ఫోన్ చేసి రమ్మనడం లాంటిది ఇంకోటి లేదు మనిషిని విసిగించడానికి, ఎందుకంటే ఆఫ్ రోజు కూడా ఫోన్ మోగుతుందేమోనని చూసుకుంటూ గడిపితే అది ఆఫ్ కాదు. డబుల్ డ్యూటీలు, పండగ డ్యూటీలు ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ కనపడేలా గోడ మీద పెట్టండి. పని ఎక్కువైనా భరిస్తారు కానీ ఎదురు చెప్పని పిల్లకే ప్రతిసారీ పడుతుంటే ఆ పిల్లే ముందు వెళ్లిపోతుంది, మీరు చెప్పిన మంచి పిల్లలు అలాగే వెళ్లి ఉంటారని నా అనుమానం. భోజనం బ్రేక్ అంటే ఆ అరగంట తన పేషెంట్లని ఇంకొకరి పేరున రాసి అప్పగించడం. లేకపోతే డ్యూటీ రూములో కూర్చుని నాలుగు మెతుకులు తింటూ బెల్లు కోసం వింటూ ఉంటారు. కొత్తగా చేరినవాళ్లని మొదటి వారాల్లో లెక్కలో వేయకండి, వాళ్లు నేర్చుకోవడానికి ఉన్నారు.

ఇక పైవాళ్ల సంగతి. మనుషులు తక్కువైన ప్రతి డ్యూటీకీ ఒక రిపోర్టు రాసి పంపండి: ఉండాల్సినది ఇంత, ఉన్నది ఇంత, మిగిలిపోయిన పని ఇది. జవాబు రాకపోయినా పంపండి. ఏదైనా జరిగినప్పుడు ఆ డ్యూటీలో ఉన్న నర్సుకి మెమో ఇచ్చి చేతులు దులుపుకుందామంటే మీ రిపోర్టు అడ్డం నిలుస్తుంది. మీ పిల్లలకి మీరివ్వగలిగిన రక్షణ అది.

నర్సుకి ఇంతమందే పేషెంట్లు అని చట్టం చేస్తే ఆస్పత్రులు మూతపడతాయని పైవాళ్లు మీతో అనొచ్చు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు పెట్టింది. ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరు, మామూలు వార్డులో 2005 నుంచి ఐదుగురు, అంతకు మించకూడదు. తర్వాత ఐకెన్ బృందం అక్కడి నర్సుల్ని అలాంటి చట్టం లేని పెన్సిల్వేనియా, న్యూజెర్సీ నర్సులతో పోల్చి చూస్తే కాలిఫోర్నియాలో బర్నౌట్ తక్కువగా ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో నర్సుల సంఘం పోరాడి 2000లోనే ఒప్పందం ద్వారా నిష్పత్తులు సాధించింది, 2015లో అది చట్టమైంది. చట్టం లేని చోట కూడా అన్ని ఆస్పత్రులూ ఒకలా ఉండవు. అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో, 1983లో, నర్సులు వెళ్లిపోకుండా నిలబడుతున్న 41 ఆస్పత్రుల్ని గుర్తించి అక్కడ ఏముందో చూశారు. నర్సు మాటకి విలువ, వార్డు నిర్ణయాల్లో పాత్ర, అందుబాటులో ఉండే నర్సింగ్ పెద్దలు, డాక్టర్లతో సమానమైన మాటా మంతీ. ఆ అందుబాటులో ఉండే పెద్దల్లో మొదటి మెట్టు మీరే, అక్కా.

ప్రశ్న: నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సీనియర్లు కొత్తవాళ్లని ఏడిపిస్తారని, రెండేళ్లలో విసుగొచ్చి మానేస్తారని మా అక్కలు చెప్తున్నారు. ఈ వృత్తిలో ఉండాలా వద్దా మేడమ్?

జవాబు: ఉండు తల్లీ, చోటు మాత్రం చూసుకుని చేరు. సీనియర్ల కాఠిన్యం ఎప్పట్నుంచో ఉన్న జాడ్యం. పైనుంచి పడే ఒత్తిడి కిందికి జారి జారి అందరికంటే చిన్నదాని మీద ఆగుతుంది. అలా పడ్డావని నువ్వు రేపు ఇంకొకరి మీద వేయకు, అదొక్కటి నాకు మాటివ్వు.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు వాళ్లే కాదు, నువ్వూ ప్రశ్నలడగాలి. రాత్రి పూట ఒక్కో నర్సుకి ఎంతమంది పేషెంట్లు? కొత్తగా చేరినవాళ్ల పక్కన సీనియర్ ఎన్ని వారాలు ఉంటారు, ఆ సీనియర్‌కి పేషెంట్లని తగ్గిస్తారా? బ్రేక్‌లో నా పేషెంట్లని ఎవరు చూస్తారు? రోస్టర్ ఎన్ని రోజుల ముందు ఇస్తారు? పేషెంటు తరఫువాళ్లు చెయ్యి చేసుకుంటే ఆస్పత్రి ఏం చేస్తుంది? పోయిన ఏడాది ఈ వార్డు నుంచి ఎంతమంది వెళ్లిపోయారు? జవాబులు చెప్పడానికి వాళ్లు విసుక్కుంటే అది కూడా జవాబే. వీలైతే చేరే ముందు ఒకసారి ఆ వార్డు చూస్తానని అడుగు, హ్యాండోవర్ జరిగే వేళకి వెళ్లు, డ్యూటీ దిగుతున్న సిస్టర్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో విను.